తువాలు దీవులు – పరదేశముల సహాయము

తువాలు అను మాట వినినతోడనే మనవారికి భుజముమీది తుండుగుడ్డ జ్ఞప్తికి వచ్చును. నేను చెప్పబోవునది ఆ తువాలునుగూర్చి కాదు. పసిఫిక్ మహాసముద్రమున ఆ పేరుగల దేశ మొకటి కలదు. ఆ దేశపు భాషలో ఆ మాటకు ఎనిమిది కలసి నిలుచుట అని అర్థము. దీవులు లెక్కకు తొమ్మిది. అయినను పూర్వము జనులు స్థిరముగా కాపురముండినవి ఎనిమిదియే గనుక ఆ పేరు నిలిచిపోయినది. చెరకుతోటలలో పనిచేయుటకు మన తెలుగువారు 1903 మొదలుకొని మదరాసు రేవున ఓడలెక్కి పోయిన ఫిజీ దీవులను పటములో కనుగొని, అచ్చటినుండి ఉత్తరముగా సుమారు వేయి కిలోమీటర్లు వ్రేలు జరిపినచో ఈ దీవులు తగులును. తగులుననుచున్నాను గాని, చాల పటములలో వీనికి ఒక చుక్కయైనను వేయరు.

తొమ్మిది దీవుల నేల యంతయు కూర్చినను 26 చదరపు కిలోమీటర్లు, అనగా సుమారు 6,400 ఎకరములు. జనసంఖ్య పదివేలకు కొంచెము పైన. ఒక్కొక్క దీవి పగడపు పురుగులు కట్టిన దిబ్బ. ఏరు లేదు, కొండ లేదు. సముద్రమట్టమునకు అయిదు మీటర్ల ఎత్తుగల చోటు దేశమంతట వెదకినను దొరకదు. త్రాగుటకు ఇండ్లకప్పులమీద పడిన వాననీరే ఆధారము. తినుటకు కొబ్బరి, చేప, పులక అను దుంప. ఈ పులక మన చేమకు జ్ఞాతి. నేలను లోతుగా త్రవ్వి, అడుగున ఊరెడి మంచినీటి చెమ్మలో దానిని పెంచుదురు. అయితే నేలను మాత్రము చూచి ఈ దేశమును కొలువరాదు. అంతర్జాతీయ న్యాయమునుబట్టి దానికి హక్కుగల సముద్రము ఏడు లక్షల చదరపు కిలోమీటర్లకు మించినది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండును కలిపిన వైశాల్యమునకు రెండింతలకు పైబడినది. ఆ నీటిలో తిరుగు ట్యూనా చేపల గుంపులకొరకు దూరదేశముల ఓడలు వచ్చును. నేల లేని జమీందారు అనవచ్చును.

ఇట్టి దేశమున ప్రభుత్వము నడచుట ఎట్లు? పదివేలమందికైనను వైద్యుడు కావలెను, బడిపంతులు కావలెను, న్యాయస్థానము కావలెను, దీవికిని దీవికిని నడుమ తిరుగుటకు ఓడ కావలెను. పెద్ద దేశములో ఓడ ఖర్చు జనులందరిమీద పంచినచో తలకు కానియైనను పడదు; ఇచ్చట అదియే మోయరాని బరువగును. పన్నులు వేయుదమన్న అంగళ్ళు కొద్ది, కర్మాగారములు లేవు. కావున పరదేశముల సహాయము వారికి విలాసము కాదు, ఉప్పువలె నిత్యావసరము. అయితే సహాయము ఇచ్చుటలోను పుచ్చుకొనుటలోను పద్ధతులు వేరువేరుగా నుండును. పంటకాలమున కళ్ళమువద్దకు వచ్చి నిలువబడిన బంధువునకు ఏటేటా రెండు కుంచములు కొలిచి పంపుట ఒక పద్ధతి. అతనికే రెండెకరములు వ్రాసియిచ్చి, ‘దీనిని అమ్ముకొనకుము, పంట తినుము’ అనుట వేరొక పద్ధతి. తువాలువారు మొదటిదానిని కొంతకాలము అనుభవించి, రెండవదానిని తామే కోరి సంపాదించుకొనిరి. దాతలు తలపెట్టిన పద్ధతి కాదు, పుచ్చుకొనువారు తలపెట్టినది. అందువలననే ఈ చిన్నదేశపు కథ నాకు పెద్దదిగా తోచుచున్నది.

ఈ దీవులకు ఆంగ్లేయులు పెట్టిన పేరు ఎల్లిస్ దీవులు. 1892లో బ్రిటిషువారు వీనిని తమ రక్షణక్రిందికి తెచ్చుకొని, ఉత్తరముననున్న గిల్బర్టు దీవులతో జతచేసి పాలించిరి. గిల్బర్టువారిది మైక్రొనీషియా జాతి. ఎల్లిస్‌వారిది పాలినీషియా జాతి. భాష వేరు, ఆచారము వేరు, సంఖ్యలోను వీరు తక్కువ. ఉమ్మడిలో ఉన్నయెడల తమ మాట చెల్లదని వీరు భయపడిరి. 1974లో ఓటు పెట్టగా 3,799 మంది విడిపోవుదమనిరి. 293 మంది వలదనిరి. బ్రిటిషు ప్రభుత్వము సమ్మతించినది గాని ఆస్తిపంపకమున కఠినమైన షరతు పెట్టినది. ఉమ్మడి వలసకు ముఖ్యమైన రాబడి ఓషన్ ఐలండున త్రవ్వెడి ఫాస్ఫేటు. అందులో విడిపోవువారికి పాలు లేదు. ఉమ్మడి సొత్తులో వారికి దక్కినది ఒక్క ఓడ మాత్రమే. దానిపేరు నివంగా. అన్నదమ్ముల పంపకములో చిన్నవానికి చెంబొక్కటి దక్కినట్లయినది. అట్లయినను వారు వెనుదీయలేదు. 1976 జనవరి 1వ తేదీతో వేర్పాటు పూర్తియయ్యెను. 1978 అక్టోబరు 1వ తేదీన తువాలు స్వతంత్రదేశమయ్యెను. ఆ ఓడపేరును మాత్రము వారు విడువలేదు. మొదటి నివంగా పాతబడగా బ్రిటిషువారు రెండవ నివంగాను ఇచ్చిరి. అదియు ముదిసిన పిమ్మట జపానువారు మూడవ నివంగాను కట్టియిచ్చిరి. దాతలు మారిరి, పేరు మారలేదు.

స్వాతంత్ర్యము వచ్చినది గాని ఖజానా నిండలేదు. చిత్రవిచిత్రములైన తపాలాబిళ్ళలు ముద్రించి లోకమందలి బిళ్ళలు కూర్చువారికి అమ్ముట ఆనాడు ప్రభుత్వమునకు లెక్కింపదగిన రాబడి యైనదన్నచో పరిస్థితి మీకు బోధపడును. పరదేశపు ఓడలలో పనిచేయు తువాలు నావికులు ఇండ్లకు పంపుకొను జీతములు మరియొక ఆధారము. మిగిలిన లోటును బ్రిటిషు ప్రభుత్వము ఏటేటా పూడ్చుచుండెను. ఇట్టి సహాయమున ఒక బాధ కలదు. వచ్చు సంవత్సరము ఎంత వచ్చునో ముందుగా తెలియదు. ఇంత జీతమునకు ఇన్ని ఉద్యోగములు ఏల అని దాత అడుగును. అడుగుటకు అతనికి హక్కు కలదు. పొదుపుచేసి లోటు తగ్గించినచో మరుసటియేడు సహాయమును ఆ మేరకు తగ్గును. కావున పొదుపుచేయువానికి ఫలము లేదు. బాగుగా నడుపుకొన్నచో శిక్ష, చెడుగా నడుపుకొన్నచో బహుమానము! దాత దురాశాపరుడు గావలసిన పనిలేదు. ఏర్పాటులోనే ఆ దోషము ఇమిడియున్నది. ఇటు బ్రిటిషువారికిని ఈ తగులాటము ఎన్నటికి తీరునో తెలియక విసుగు పుట్టుచుండెను.

ఈ కట్టు తెంపుకొనవలెనను తొందరలో మొదటి ప్రధానమంత్రి తోఅరిపి లౌతి ఒక పొరపాటు చేసెను. అధిక వడ్డీ వచ్చునని నమ్మి, ఒక అమెరికా వ్యాపారి మాటమీద అయిదు లక్షల డాలర్లకు పైగా ప్రభుత్వధనమును టెక్సాసు రాష్ట్రపు భూములలో పెట్టుబడిగా పంపెను. ఆ దినములలో ఆ దేశమునకు అది అల్పమైన మొత్తము కాదు. దీవులలో అలజడి పుట్టినది. 1981 ఎన్నికల పిమ్మట లౌతి పదవి కోల్పోయెను. తొమాసి పువాపువా ప్రధానమంత్రి యయ్యెను. లౌతిని నేను నిందింపను. అడుగుట మాని బ్రతుకవలెనను కోరికయే అతనిని అటు నడపినది. అయితే ధనము ఎవరి చేతిలో, ఏ కట్టుబాటుతో, ఎవరి కన్నుల యెదుట ఉండవలెనను ప్రశ్న ఆనాటినుండి తువాలువారి మనస్సును వదలలేదు.

దానికి జవాబు పువాపువా ప్రభుత్వమున ఆర్థికమంత్రిగానుండిన హెన్రీ నైసాలి వెదకెను. ఏటేటా లోటు పూడ్చుటకు మారుగా, దాతలందరును ఒకేసారి పెద్ద మొత్తము నిధిగా వేయవలెను. అసలు ఎవరును తాకరాదు. దానివలన వచ్చు ఆదాయముతో ప్రభుత్వము నడచుకొనును అని అతడు వాదించెను. మన దేవాలయములకు పూర్వులు మాన్యములు వ్రాసిన పద్ధతి కంటె ఇందులో క్రొత్తదనము లేదు. దీపారాధనకు నూనె ఏటేటా యాచింపక, నూనెకు చాలు పొలము వ్రాసియుంచుట వంటిదే. సంవత్సరములు చర్చలు జరిగినవి. తుదకు 1987 జూన్ 16వ తేదీన, ఫిజీ రాజధాని సువాలో అంతర్జాతీయ ఒడంబడికమీద సంతకములు పడినవి. బ్రిటను 85 లక్షలు, న్యూజిలండు 83 లక్షలు, ఆస్ట్రేలియా 80 లక్షలు ఆస్ట్రేలియా డాలర్లు వేసిరి. జపాను, దక్షిణకొరియా కొంత కొంత కలిపిరి. తువాలు తానును 16 లక్షలు వేసినది. మొత్తము 2 కోట్ల 71 లక్షలు.

తువాలు వేసిన ఆ 16 లక్షలను మీరు మరువరాదు. కూడినదానిలో అది సుమారు పదునేడవవంతు మాత్రమే. కాని తన సొమ్ము కలిసినందున ఆ నిధి భిక్షాపాత్ర గాక ఉమ్మడిపెట్టె యయ్యెను. ధర్మకర్తల మండలిలో ముఖ్యదాతల ప్రతినిధులు కూర్చుందురు, అధ్యక్షత తువాలుది. పెట్టుబడి వ్యవహారము చేయుటకు ఆ వృత్తియందు నేర్పరులను నియమించిరి. నిధి ఎట్లున్నదో, ప్రభుత్వము తన ఖర్చులను ఎట్లు నడుపుచున్నదో పరిశీలించి సలహాచెప్పుటకు వేరొక సంఘము కలదు.

ఇక దాని లోపలి యంత్రమును కొంచెము విప్పి చెప్పవలెను. ఈ కథయొక్క బలమంతయు అచ్చటనే యున్నది. అసలు తాకకుండుట చాలదు. మన తాతగారు నూరు రూపాయలు నిధివేసి దానిపై వడ్డీతో ఊరిబడికి పలకలు కొనిపెట్టుడనిరనుకొనుడు. నూరు నూరుగానే యుండును; పలక ధర ఏటేటా పెరుగును. ముప్పది సంవత్సరములకు ఆ వడ్డీతో అరపలకయు రాదు. అసలు మాసిపోకయే మాయమైనది. ఎన్ని ధర్మములు మనదేశమున ఈ విధముగా ఎండిపోయినవో గ్రామములందు విచారించిన తెలియును. తువాలు నిధిని ఏర్పరచినవారు ఈ సంగతి ఎరిగినవారు. వారు నిధికి రెండు విలువలు లెక్కగట్టుదురు. ఒకటి, నిధిలోనున్న వాటాలు, ఋణపత్రములు మొదలగువాని అంగడి విలువ. రెండవది, వేసిన అసలును ఆస్ట్రేలియాలో ధరలు పెరిగిన మేరకు ఏటేటా పెంచుచు లెక్కించిన విలువ. దీనిని నిలువవలసిన విలువ అందము. మొదటిది రెండవదానిని మించిననాడే, మించిన భాగము మాత్రమే ప్రభుత్వమునకు ముట్టును. మించనియెడల ఆ సంవత్సరము చిల్లిగవ్వయు రాదు.

ఈ నియమము కఠినమైనది. అంగడి పడిపోయిన సంవత్సరముననే ప్రభుత్వమునకు ధనము అవసరము ఎక్కువగానుండును. సరిగా అప్పుడే నిధి ముఖము త్రిప్పుకొనును. అందుచేత రెండవ పాత్ర నొకదానిని ఏర్పరచిరి. మంచి సంవత్సరములందు వచ్చినదంతయు ఖర్చుచేయక ఆ పాత్రలో వేసియుంచి, కరవు సంవత్సరములందు దానినుండి తీసికొందురు. గాదెలోని విత్తనపు వడ్లు ముట్టక, ప్రక్కనున్న కుండలోని తిండిగింజలు వాడుకొన్నట్లు. 2008లో లోకమందలి ధనపు అంగళ్ళన్నియు కూలినప్పుడు ఈ ఏర్పాటునకు గట్టి పరీక్ష వచ్చినది. నిధి విలువ నిలువవలసిన మట్టమునకు క్రిందికి జారినది. కొన్ని సంవత్సరములు పంచుటకేమియు మిగులలేదు. కుండ అడుగంటుచు వచ్చెను. అయినను అసలును విరిచి తినలేదు. నాడు 2 కోట్ల 71 లక్షలతో పుట్టిన నిధి, తరువాత కలిపిన చందాలతోను, తనలో తాను పెరిగినదానితోను 15 కోట్ల డాలర్లు దాటినది. ఆయా దీవుల గ్రామసభలకు ప్రత్యేకముగా 1999లో ఇట్టిదే మరియొక చిన్న నిధిని ఏర్పరచుకొనిరి. అందులో దీవులవారు తమ చందాలు తాము వేసికొనిరి.

దీనికి ప్రక్కనే ఉంచి చూడదగినది నౌరు దీవి కథ. నౌరుకు దానమక్కరలేదు, దీవి యంతయు ఫాస్ఫేటు. 1968లో స్వతంత్రమైన ఆ దేశము కొంతకాలము తలసరి రాబడిలో లోకమందలి ధనికుల వరుసలో నిలిచినది. ఫాస్ఫేటు తరిగిపోవునాటికి ఉపయోగపడవలెనని వారును నిధి ఉంచిరి. కాని ఆ నిధిమీద పరాయికన్ను లేదు, కట్టుబాటు లేదు. మెల్బోర్ను నగరమున ఏబదిరెండంతస్తుల మేడ కట్టిరి. 1993లో లండనునగరమున చిత్రకారుడు లియొనార్డో జీవితముమీద ఒక సంగీతనాటకమునకు పెట్టుబడి పెట్టిరి, అది ఆడలేదు. అప్పులు పెరిగి 2004లో ఆ మేడ అమ్ముడుపోయినది. పెద్దధనమునకు కాపు లేక నౌరు చెడినది; చిన్నధనమునకు కాపుండి తువాలు నిలిచినది. అయితే తువాలు దీనికి ఒక వెల చెల్లించినదని చెప్పకపోవుట అన్యాయము. తన సొమ్మును తాను యథేచ్ఛగా వాడుకొను అధికారమును ఒక స్వతంత్రదేశము సంతకముచేసి వదలుకొన్నది. ఆ వెల సరియైనదా యని నన్నడిగినచో సరియైనదే యందును. కాని ఆ దేశపు పార్లమెంటులో కూర్చున్నవానికి అంత సులభముగా మ్రింగుడుపడదు.

సహాయమంతయు ఇట్టిదేయని మీరు భ్రమపడరాదు. రాజధాని ఫునఫుతి దీవిని ఒక్కసారి చుట్టివచ్చినచో వివిధదేశముల దానములు వరుసగా కనబడును. మూడంతస్తుల ప్రభుత్వ భవనము తైవానువారిది, వైద్యశాల జపానువారిది. ఇవి కంటికి కనబడు దానములు. దాతలకు ఇట్టివానిపై మక్కువ ఎక్కువ. కట్టిన పిమ్మట కప్పునకు సున్నమెవరు వేయుదురు, యంత్రమునకు చమురెవరు పోయుదురు అను ప్రశ్నలకు రాతిపలకమీద చోటుండదు. ఈ లోపము తువాలుకే పరిమితము కాదు.

2011లో వానలు తప్పిపోయి తొట్లన్నియు ఎండినవి. సెప్టెంబరు నెల చివర ప్రభుత్వము అత్యయికస్థితి ప్రకటించినది. ఫునఫుతిలో ఇంటికి రోజుకు 40 లీటర్లు, అనగా రెండు బాల్చీల నీరు; ఇంటిలో పదిమంది యున్నను అంతియే. న్యూజిలండు విమానములు ఉప్పునీటిని మంచినీరు చేయు యంత్రములను మోసికొని వచ్చినవి. ఆస్ట్రేలియా, రెడ్‌క్రాసు చేయి కలిపినవి. ఆ సహాయము లేకున్న ఏమగునో చెప్పనక్కరలేదు. దాని విలువను ఏ లెక్కలపుస్తకములోను చూపజాలము. కాని అట్టి యంత్రములు త్రాగు చమురు ఓడమీద రావలెను, వాని విడిభాగములు సముద్రముదాటి రావలెను. కప్పునుండి తొట్టికి పోవు రేకుగొట్టమును సరిచేసికొనుటకు మాత్రము పొరుగింటివాడు చాలును. పెద్దవానలు కురిసిన సంవత్సరమున ఇంటింటికి ఒక తొట్టి ఇచ్చిన దాతపేరు ఎవరును తలచుకొనరు. కరవునాడు గొంతు తడిపినది అదియే.

అన్నిటికంటె నన్ను ఆలోచింపజేసినది గోతుల కథ. రెండవ ప్రపంచయుద్ధమున జపాను సేనలు గిల్బర్టు దీవులను ఆక్రమించియుండగా, అమెరికావారు 1942 అక్టోబరులో ఫునఫుతిలో దిగిరి. బాంబువిమానములు దిగుటకు బాట కావలెను. దీవి సన్నని రిబ్బనువంటిది. అచ్చటి జనులను ప్రక్కనున్న చిన్నదిబ్బలమీదికి పంపి, వేలకొలది కొబ్బరిచెట్లు కొట్టి, పులక పండెడి మడులను పూడ్చి, కొద్ది వారములలోనే బాట వేసిరి. దానికి మెరకవేయుటకు పగడపుమట్టిని ఆ దీవినుండియే త్రవ్విరి. యుద్ధము ముగిసినది, సేనలు పోయినవి, గోతులు మిగిలినవి. క్రిందినుండి ఉప్పునీరు ఊరి, పోటు వచ్చినపుడెల్ల నిండుచుండెను. చోటుచాలని దీవిలో జనము పెరిగి, వాని గట్లమీద, తుదకు కొయ్యగుంజలు పాతి వానిపైననే గుడిసెలు వేసికొని, చెత్తనడుమ, పందులనడుమ కాపురములు చేసిరి. ఇది ఏదో ఒక సంవత్సరపు మాట కాదు, డెబ్బది సంవత్సరములు. తుదకు న్యూజిలండు ధనసహాయముతో 2015లో, దీవి లోపలివైపు మడుగునుండి ఇసుక తోడి ఆ గోతులన్నిటిని పూడ్చిరి. మంచి పని. ఎవరైనను మెచ్చవలసినదే. అయితే దానిని దాన మనవలెనా, పాతబాకీ తీరుట యనవలెనా? త్రవ్వినవారొకరు, పూడ్చినవారొకరు, నడుమ మూడు తరములు ఆ గట్టుమీద పుట్టి పెరిగిరి. ఆ విమానపు బాటయే నేటికిని దేశమునకు ఆకాశద్వారము. వారమునకు కొద్ది విమానములే దిగును గనుక, సాయంకాలము పిల్లలు దానిమీద బంతులాడుదురు. ఉక్కపోసిన రాత్రులందు పెద్దలు చాపలు పరచుకొని పండుకొందురు.

పరులు ఇచ్చినదానినిగూర్చియే చెప్పి, వారు తమంతట సంపాదించుకొన్నదానిని మరచినచో చిత్రము వంకరయగును. ఇంటర్నెట్టు చిరునామాలలో దేశమునకొక గుర్తు ఇచ్చినపుడు తువాలుకు వచ్చినది టీవీ అను రెండక్షరములు. దూరదర్శనపు వ్యాపారులకు అది బంగారుగని. ఆ గుర్తును వాడుకొనుహక్కును కంపెనీలకు బాడుగకిచ్చి వారు డాలర్లు గడించిరి. ఆ సొమ్ముతో 2000లో ఐక్యరాజ్యసమితి సభ్యత్వపు ఖర్చు పెట్టుకొనిరి. ఇది అదృష్టము. రెండవది అదృష్టము కాదు, నేర్పు. ట్యూనా చేపలున్న ఎనిమిది దేశములు, అందు తువాలు ఒకటి, ఒక కట్టుగా నిలిచి, 2007నుండి చేపల ఓడలకు దినములలెక్కన హక్కు అమ్ముట ప్రారంభించినవి. మొత్తము ఇన్ని దినములని ముందుగా నిర్ణయింతురు. అంతకు మించి అమ్మరు. ఓడలు తమలో తాము పోటీపడవలెను. 2012లో దినమునకు కనిష్ఠపు ధర 5,000 అమెరికా డాలర్లు. 2015 నాటికి 8,000. నేడు తువాలు ప్రభుత్వపు రాబడిలో పెద్దభాగ మిదియే. ఒక్కొక్క దేశమును విడిగా పిలిచి బేరమాడినంతకాలము ఆ చేపకు దక్కిన విలువ స్వల్పము. పొరుగువారితో కట్టుగా నిలిచినందున దక్కిన ఈ సొమ్మును నేను ఏ దానముకంటెను తక్కువగా నెంచను.

ఇంత జాగ్రత్తతో ఇల్లు చక్కబెట్టుకొనువారి యింటిగడపకు సముద్రమే వచ్చుచున్నది. లోకమందలి పొగ వేడిమిని పెంచగా సముద్రమట్టము హెచ్చుచున్నది. ఈ పొగలో తువాలువారి పాలు లెక్కకు రానంత స్వల్పము. పెద్దపోటు దినములలో నేలరంధ్రములనుండి ఉప్పునీరు పైకి ఉబికి పులకమడులను చెరచును. ఈ శతాబ్దపు నడిమికే ఫునఫుతి నేలలో పెద్దభాగము పోటుమట్టమునకు క్రిందగునని శాస్త్రజ్ఞుల లెక్క. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ద్వారా, వాతావరణముకొరకు ఏర్పడిన అంతర్జాతీయ నిధి ఒకటి 3 కోట్ల 60 లక్షల అమెరికా డాలర్లు ఇచ్చినది. ఆ ధనముతో మడుగులో ఇసుకపోసి ఏడు హెక్టార్లకు మించిన క్రొత్తనేలను ఎత్తుగా 2023 చివరకు నిర్మించిరి. ఏడు హెక్టార్లనగా పదునేడు ఎకరములకు పైన. మనకది ఒక మోతుబరి పొలము. వారికి రాజధానిలో అది ఒక పేట.

అదే సంవత్సరము నవంబరు 9వ తేదీన ఆస్ట్రేలియాతో తువాలు ఒక ఒడంబడిక చేసికొన్నది. దానికి ఫలెపిలి అని తువాలు భాషలో పేరు పెట్టిరి. పొరుగుదనపు మంచితనము అని తాత్పర్యము. దాని ప్రకారము ఏటా 280 మంది తువాలు పౌరులు ఆస్ట్రేలియాకు పోయి స్థిరపడి, పనిచేసికొని, చదువుకొనవచ్చును, కోరినపుడు తిరిగిరావచ్చును. ఉపద్రవము గాని, మహమ్మారి గాని, సేనలదాడి గాని వచ్చి తువాలు కోరినచో ఆస్ట్రేలియా ఆదుకొనవలెను. సముద్రము నేలను మ్రింగినను తువాలును దేశముగానే గుర్తింతునని ఆస్ట్రేలియా వ్రాసియిచ్చినది. దీనికి ప్రతిగా, ఇతర దేశములతో రక్షణ, రేవులు, తంతివార్తలు, విద్యుచ్ఛక్తి మున్నగు విషయములలో ఏ ఏర్పాటు చేసికొనవలెనన్నను తువాలు ముందుగా ఆస్ట్రేలియా సమ్మతి పొందవలెను.

చూచితిరా, నిధి ఒడంబడికలో వదలుకొన్నది ధనమును యథేచ్ఛగా వాడు అధికారము. ఇందులో వదలుకొన్నది అంతకంటె పెద్దది. మాజీ ప్రధానమంత్రి ఎనెలె సోపోఆగ దీనిని తీవ్రముగా ప్రతిఘటించెను. 2024 జనవరి ఎన్నికలలో ఒడంబడికకు సంతకముచేసిన ప్రధానమంత్రి ఓడిపోయెను. క్రొత్త ప్రధాని ఫెలెతి తేఓ దాని ఉద్దేశములను ఒప్పుకొనుచునే, దేశపు స్వతంత్రాధికారము చెడకుండ చూతునని చెప్పెను. ఆగస్టు 28వ తేదీన అది అమలులోనికి వచ్చినది. పసిఫికున చీనా పలుకుబడి పెరుగుచున్నదను భయము ఆస్ట్రేలియా ఔదార్యమునకు వెనుక ఉన్నదని అందరును ఎరుగుదురు, తువాలువారును ఎరుగుదురు. ఒడంబడికలో వారు పట్టుపట్టి నిలుపుకొనిన వాక్యము, నేల మునిగినను దేశము నిలుచునను వాక్యము. 2023లోనే తమ రాజ్యాంగమునందును ఆ మాటనే వ్రాసికొనియున్నారు. చేపల హక్కును, రెండక్షరముల హక్కును, నిధిమీది హక్కును నిలుచుట ఆ వాక్యముమీద నిలువవలెను. దేశమే లేదన్నచో ఆ ఏడు లక్షల చదరపు కిలోమీటర్ల నీరు ఎవరిది?

2025 జూన్, జులై నెలలలో ఆస్ట్రేలియాకు పోవుటకు పేర్లు పిలిచి చీట్లు వేసిరి. కుటుంబములతో కలిపి 8,750 మంది పేర్లు పడినవి. దేశమంతయు పదివేలకు కొంచెము పైన. పేరిచ్చినవారందరును పోవుదురని కాదు; తలుపు తెరచియున్నదా యని తోసి చూచువారు అందులో చాలమంది యుందురు. అందరును పోదలచినను, ఏటికి 280 మంది చొప్పున ముప్పదియొక్క సంవత్సరములకు పైగా పట్టును. ఆ ముప్పదియొక్క సంవత్సరములును ఫునఫుతిలో బడి నడువవలెను, వైద్యశాలలో దీపము వెలుగవలెను, నివంగా దీవినుండి దీవికి తిరుగవలెను. ఏడాది కొకసారి ధర్మకర్తలు కూర్చుండి, అంగడివిలువ నిలువవలసిన విలువను మించినదో లేదో లెక్క చూడవలెను.